కుడి తుంటి కొత్తది, ఎడమది నాదే: ఏవీఎన్‌తో మూడేళ్లు

ఏవీఎన్ (అవాస్క్యులర్ నెక్రోసిస్) అంటే రక్తం అందక ఎముక చచ్చిపోయే జబ్బు. నాకు రెండు తుంటుల్లోనూ వచ్చింది. 2022లో ఒకే మత్తులో నాకు రెండు ఆపరేషన్లు చేశారు. కుడివైపు తుంటి కీలు మొత్తం మార్చారు. ఎడమవైపు కోర్ డీకంప్రెషన్ చేశారు. అంటే తొడ ఎముక తలలోకి డ్రిల్లుతో దారి చేసి లోపలి ఒత్తిడి తగ్గించడం. ఈ రెండిట్లో ఏది మంచిదని అడిగేవాళ్లు చాలామంది. రెండూ ఒకే ఒంట్లో ఉన్నాయి కాబట్టి నా అనుభవం రాస్తున్నాను. అప్పుడు నాకు ముప్ఫై తొమ్మిదేళ్లు. ప్రభుత్వ బడిలో టీచర్ని, పొద్దున్నుంచీ నిలబడే ఉద్యోగం.

2021 మేలో కోవిడ్‌తో ఆక్సిజన్ పడిపోతే స్టెరాయిడ్లు ఎక్కించారు. బతికాను. ఈ ఏవీఎన్ ఆ స్టెరాయిడ్ల వల్లే వచ్చి ఉండొచ్చు, అయినా ఆ మందు మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ఆ ఏడాది చివర్లో కుడి గజ్జలో పోటు మొదలై మోకాలిదాకా పాకింది. మోకాలికి ఎక్స్‌రే తీస్తే బాగానే ఉంది. నడుము నరం అన్నారు, దానికీ మాత్రలు వాడాను. అసలు గుర్తు వేరే ఉంది: పూజ దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చోబోతే కుడి మోకాలు కిందికి దిగేది కాదు. తుంటి లోపలికీ బయటికీ తిరగకపోతే అనుమానించాల్సింది తుంటినే. తొలి దశలో ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు, ఎమ్మారై తీయాల్సిందే. తీసేటప్పుడు రెండు తుంటులకీ తీయించండి. దెబ్బ తగలకుండా వచ్చే ఏవీఎన్‌లో సగానికి పైగా కేసుల్లో రెండోవైపూ ఉంటుంది. నా ఎడమ కాలికి అప్పటికి నొప్పే లేదు, ఎమ్మారైలో మాత్రం జబ్బు ఉంది.

జరిగేది ఇది: తొడ ఎముక తలకి రక్తం అందక లోపలి ఎముక చచ్చిపోతుంది. గుండ్రటి తల కొన్నాళ్లు నిలబడుతుంది, తర్వాత ఒంటి బరువుకి పైభాగం సొట్టపోతుంది. స్టేజ్ 1, 2 అంటే తల గుండ్రంగానే ఉన్నట్టు. స్టేజ్ 3 అంటే కూలడం మొదలైనట్టు, 4 అంటే కీలు కూడా అరిగినట్టు. కుడిది 3, ఎడమది 2. రెండు కాళ్లకి రెండు వేరే వైద్యాలు ఎందుకో ఈ అంకెల్లోనే ఉంది. కూలిన తలకి డ్రిల్లు వేసినా లాభం ఉండదు, గుండ్రంగా ఉన్న తలని తీసేయడానికి తొందరా ఉండదు. స్టేజ్‌తోపాటు చచ్చిన భాగం ఎంత శాతమో కూడా అడగండి. పదిహేను శాతం లోపైతే ఆశ ఎక్కువ, ముప్ఫై దాటితే తక్కువ.

రెండో అభిప్రాయానికి వెళితే, చిన్న వయసు, కీలు మార్చడం పదేళ్లు వాయిదా వేయమన్నారు. ఈ సలహా మన దగ్గర చాలామందికి వస్తుంది. కూలిన తుంటితో పదేళ్లు ఎలా నడవాలో మాత్రం ఎవరూ చెప్పరు. కుంటి నడకకి నడుమూ అవతలి మోకాలూ కూడా అరుగుతాయి. తుంటి మార్పిడి కొత్త ప్రయోగమేమీ కాదు. ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ 1960ల మొదట్లోనే ఇప్పటి పద్ధతికి పునాది వేశాడు. పాత కీళ్ల లెక్కలు తీసి 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేసిన పరిశీలన ప్రకారం 25 ఏళ్ల తర్వాత కూడా దాదాపు 58 శాతం పనిచేస్తున్నాయి. చిన్న వయసువాళ్లం వాటిని ఎక్కువ వాడతాం, నిజమే. బహుశా డెబ్బై లోపు నాకు ఇంకోసారి మార్చాల్సి రావచ్చు. నలభైల్లో నడవడం కోసం ఆ బేరానికి ఒప్పుకున్నాను.

బంధువులు పుత్తూరు కట్టు దగ్గరికి వెళ్లమన్నారు. అది విరిగిన ఎముకకి. ఇక్కడ విరిగిందేమీ లేదు, రక్తం రావడం లేదు. పసర్లూ తైలాలూ చర్మం దాటి ఆ లోతుకి చేరవు.

ఇక ఆపరేషన్ తర్వాత నేను ఊహించనిది. మర్నాడే వాకర్ ఇచ్చి, కొత్త కాలి మీద పూర్తి బరువు వేయండి, పాత కాలి మీద మాత్రం ఆనీ ఆనకుండా నడవండి అన్నారు! డ్రిల్లు వేసిన ఎముక పూడేదాకా విరిగే ప్రమాదం ఉంటుందట. అలా నెలన్నర. చిన్న ఆపరేషనే కదా అని డీకంప్రెషన్‌కి వెళ్లేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. కోత చిన్నది, జాగ్రత్త పెద్దది.

కుడి తుంటిలో టైటానియం గిన్నె, దాని లోపల పాలీ (గట్టి ప్లాస్టిక్), పైన సిరామిక్ బంతి. సిమెంట్ లేదు, ఎముకే దాని చుట్టూ పెరిగి పట్టుకుంటుంది. సిరామిక్ మీద సిరామిక్ పెట్టించుకోమన్నవాళ్లూ ఉన్నారు. అది దాదాపు అరగదు గానీ కొందరిలో కిర్రుమంటుంది. పిల్లల ముందు కిర్రుమంటూ నడవడం నాకిష్టం లేదు. లోహం మీద లోహం మాత్రం ఎవరిచ్చినా వద్దు. ఆ రకానిదే అయిన జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ల డీప్యూ ఏఎస్ఆర్ తుంటిని 2010లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. అందుకే డిశ్చార్జ్ ఫైల్లో అంటించిన ఇంప్లాంట్ స్టిక్కర్లు ఫొటో తీసి దాచుకున్నాను. కంపెనీ, సైజు, లాట్ నంబర్ అన్నీ వాటి మీదే ఉంటాయి. బీమా ఏ రకం ఇంప్లాంట్ దాకా ఇస్తుందో ముందే కాగితం మీద రాయించుకోండి. నా బిల్లులో బరువంతా దానిదే.

గజ్జలో పోటు ఆపరేషన్ రోజుతోనే పోయింది. కోత నొప్పి వేరు, అది తగ్గే నొప్పి. మొదటి మూడు నెలలూ కాళ్ల మధ్య దిండుతో పడుకోవడం, నడుము తొంభై డిగ్రీలు దాటి వంచకపోవడం, కాలు మీద కాలు వేయకపోవడం. పైగా రక్తం గడ్డకట్టకుండా పొట్టలో ఇంజెక్షన్లు. వీటన్నిటికన్నా విసుగు పుట్టించింది చెప్పులు. పొడుగాటి షూహార్న్ ఒకటి కొనుక్కోండి, ఇంట్లో వాళ్లని పిలిచే పని తప్పుతుంది. వెస్టర్న్ కమోడ్ ఇంటికొచ్చేలోపే పెట్టించాలి, దాని మీద ఎత్తు సీటు కూడా.

ఇప్పుడు బడిలో రోజంతా నిలబడతాను, రెండు పీరియడ్ల తర్వాత కాసేపు కూర్చుంటే చాలు. పల్లెవెలుగు బస్సు మెట్టు ఎక్కగలను. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు అని ఫిజియో నేర్పారు. నాకేది మంచిదని అడిగితే ఆయనకీ నవ్వొచ్చింది, చివరికి కుడిదే అని తేల్చారు. ముగ్గు వేయడం మానేశాను. వంగి వేయొచ్చు గానీ గొంతుక్కూర్చోవడం వద్దన్నారు, కీలు తప్పే ప్రమాదమట. సత్యనారాయణ వ్రతానికి పీటల బదులు కుర్చీలు వేయించాను. అత్తయ్య మొదట మొహం చిట్లించారు గానీ, పోయిన శ్రావణంలో తనకీ ఒక కుర్చీ వేయమన్నారు. ఎయిర్‌పోర్టులో ఒక్కసారి మోగింది, చెప్తే చేత్తో తడిమి పంపేశారు.

మూడేళ్లకి నా మార్కులు ఇవి. కుడిదానికి పదికి తొమ్మిది. ఆ ఒక్క మార్కూ నేలమీద కూర్చోలేనందుకు. ఎడమదానికి ఆరు. ఎమ్మారైలో చచ్చిన భాగం అలాగే ఉంది, తల గుండ్రంగానే ఉంది. నడకలో నొప్పి లేదు, ఎక్కువ తిరిగిన రోజు రాత్రి సలుపు. దాన్ని మాత్రం మర్చిపోవడం కుదరదు: పరుగు లేదు, బరువు బిందె లేదు, ఏడాదికోసారి తుంటి ఫొటో. డీకంప్రెషన్‌తోపాటు నా తుంటి ఎముక నుంచే మజ్జ తీసి వడకట్టి ఎక్కించారు. నిలబడింది డ్రిల్లు వల్లో మజ్జ వల్లో చెప్పే దారి నాకు లేదు, కాబట్టి దాన్ని పొగడను, తిట్టను. అయినా స్టేజ్ 2లో ఉన్నవాళ్లకి డీకంప్రెషన్ ప్రయత్నించమనే చెప్తాను. అది కుదరకపోతే కీలు మార్చే దారి ఎలాగూ తెరిచే ఉంటుంది.

ఎడమది కూలితే కుడివైపు పెట్టిన రకమే అడుగుతాను. ఈసారి ఏప్రిల్ చివర్లో, బడి మూసిన వారంలోనే. జూన్‌లో తెరిచేసరికి వాకర్ పక్కన పెట్టి చేతికర్రతో క్లాసుకి వెళ్లొచ్చని సర్జన్ అన్నారు.