“ఆఫీస్ ఫ్రీ, లైఫ్‌టైమ్” అంటూ అమ్మే లాప్‌టాప్‌లతో జాగ్రత్త

సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనబోయేవాళ్ల కోసం ఇది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో తిరిగినా, అమీర్‌పేటలో అడిగినా, కోఠిలో బేరమాడినా చివర్లో ఒక తాయిలం చూపిస్తారు: “ఆఫీస్ కూడా వేసిస్తం సార్, లైఫ్‌టైమ్, ఫ్రీ.” దాని వెనకే “అప్‌డేట్లు మాత్రం పెట్టకండి, పెడితే ఆక్టివేషన్ ఎగిరిపోతది” అన్నారంటే జేబులోంచి డబ్బు తీయకండి. బ్యాటరీ, స్క్రీన్, కీబోర్డు అన్నీ బాగుండొచ్చు. అందులోని వర్డ్ మాత్రం గడియ లేని తలుపు.

ఇలా అమ్మిన మెషీన్ ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. వర్డ్‌లో ఫైల్, అకౌంట్, అబౌట్ వర్డ్ నొక్కితే పైన కనిపించిన నంబరు 16.0.4266.1001. ఆఫీస్ 2016 మొదటిసారి విడుదలైనప్పటి బిల్డ్, అంటే వెర్షన్ నంబరు, అది. అంటే 2015 నుంచి ఒక్క ప్యాచ్ (లోపాలను సరిచేసే అప్‌డేట్) కూడా పడలేదు. విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్, అంటే వైరస్ స్కాన్ చేయకుండా వదిలేయమన్న చోట్ల జాబితా, తెరిస్తే అక్కడ సీ డ్రైవ్ మొత్తం రాసి ఉంది, అంటే విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ కళ్లకు గంతలు కట్టేశారు. ఎందుకు కట్టారన్నది లైసెన్స్ చూస్తే తెలుస్తుంది. ప్రోగ్రామ్ ఫైల్స్, మైక్రోసాఫ్ట్ ఆఫీస్, ఆఫీస్16 ఫోల్డర్‌లో ఓఎస్‌పీపీ అనే వీబీఎస్ ఫైల్ ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, సీస్క్రిప్ట్‌తో దాన్ని డీస్టేటస్ స్విచ్ ఇచ్చి నడిపితే లైసెన్స్ రకం చూపిస్తుంది. ఈ మెషీన్‌లో వచ్చింది వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్, గడువు 180 రోజుల లోపు. పెద్ద సంస్థలు తమ సొంత సర్వర్‌తో వందల కంప్యూటర్లకు ఇచ్చుకునే లైసెన్స్ అది. ఇంటి లాప్‌టాప్‌లో దానికేం పని? ఒక క్రాక్ టూలు సర్వర్‌లా నటిస్తూ ఆ గడువును పొడిగించుకుంటూ పోతుంది. దుకాణంవాళ్ల లైఫ్‌టైమ్ అంటే ఆరేసి నెలల వాయిదా. ఆ టూలును డిఫెండర్ పట్టుకోకుండా పెట్టినవే ఆ గంతలు.

ప్యాచ్ పడకపోతే కొంప మునుగుతుందా అని అడిగేవాళ్లు చాలామందే ఉంటారు. “మనం మాక్రోలు (డాక్యుమెంట్‌లో దాగి నడిచే చిన్న ప్రోగ్రాములు) వాడంగా” అంటారు. మాక్రో లేకుండానే మునుగుతుంది.

వర్డ్‌లో గణిత సమీకరణాలు రాసే పాత ఈక్వేషన్ ఎడిటర్ 3.0 తీసుకోండి. ఈక్యూఎన్‌ఈడీటీ32 అనే వేరే ప్రోగ్రామ్ అది, 2000లో కంపైల్ అయింది. డాక్యుమెంట్‌లోని ఫాంట్ పేరును ఒక చిన్న డబ్బాలోకి ఎక్కించుకుంటుంది, కానీ ఆ పేరు ఎంత పొడుగుందో కొలవదు. కావాలని పొడుగు పేరు పెడితే డబ్బా పొంగి పక్కనున్న మెమరీ మీద పడుతుంది, దాడి చేసేవాడి కోడ్ నడుస్తుంది. సీవీఈ-2017-11882 అంటే ఇదే (సీవీఈ అంటే బయటపడిన ప్రతి భద్రతా లోపానికీ ఇచ్చే గుర్తింపు నంబరు). పైగా ఇది వర్డ్‌కు బయట విడి ప్రాసెస్‌గా నడుస్తుంది, కొత్త ప్రోగ్రాములకుండే మెమరీ రక్షణలేవీ దీనికి లేవు. మైక్రోసాఫ్ట్ 2017 నవంబరులో ప్యాచ్ ఇచ్చింది. వెంటనే ఇంకో లోపం బయటపడటంతో 2018 జనవరిలో ఆ ఎడిటర్‌నే పీకేసింది. పైన చెప్పిన మెషీన్‌లో అది ఇంకా అలాగే కూర్చుని ఉంది.

ఆ తర్వాతవి కూడా తక్కువేం కాదు. 2022 మేలో బయటపడిన ఫోలినా, అంటే సీవీఈ-2022-30190, డాక్యుమెంట్ బయటి పేజీని లాక్కొచ్చి విండోస్ డయాగ్నస్టిక్ టూలు చేత కమాండ్లు నడిపించేది. దానికి ప్యాచ్ జూన్ 14న విండోస్ అప్‌డేట్‌లోనే వచ్చింది, కాబట్టి విండోస్ అప్‌డేట్లు కూడా ఆపేసి అమ్మితే అదీ తెరిచే ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో ప్యాచ్ వచ్చిన సీవీఈ-2023-21716 తీవ్రత 10కి 9.8. ఆర్‌టీఎఫ్ (వర్డ్ తెరిచే పాత రకం డాక్యుమెంట్) ఫైల్‌లోని ఫాంట్ల పట్టికలో లెక్కకు మించి ఫాంట్లు పెడితే వర్డ్ మెమరీ చెడిపోయేది. ఫైల్ తెరవక్కర్లేదు, ఫోల్డర్ పక్కన ఫైల్ నమూనా చూపించే ప్రివ్యూ పేన్‌లో కనబడితే చాలు. ఆర్‌టీఎఫ్ ఫైల్ మన కంటికి డాక్ ఫైల్ పేరుతోనే రావచ్చు. వర్డ్ పేరు చివరి అక్షరాలను కాదు, లోపలున్నది చూసి తెరుస్తుంది.

దుకాణంలో కౌంటర్ దగ్గర పది నిమిషాలు అడగండి. ఇవ్వనంటే మీకు జవాబు దొరికినట్టే. అబౌట్ వర్డ్‌లో బిల్డ్ నంబరు చూడండి. ఆఫీస్ 2010కి 2020 అక్టోబరులో, 2013కి 2023 ఏప్రిల్‌లో, 2016, 2019లకు 2025 అక్టోబరు 14న సపోర్ట్ అయిపోయింది. 2021కి గడువు 2026 అక్టోబరు 13. తర్వాత ఎక్స్‌క్లూజన్స్ చూడండి, విండోస్ అప్‌డేట్ నొక్కి నిజంగా నడుస్తోందో లేదో చూడండి. ఆ తర్వాత వర్డ్ ఆప్షన్స్‌లో ట్రస్ట్ సెంటర్ సెట్టింగ్స్ తెరవండి. ప్రొటెక్టెడ్ వ్యూ, అంటే అనుమానపు ఫైల్‌ను చదవడానికి మాత్రమే తెరిచే పద్ధతి, అందులో మూడు టిక్కులూ ఉండాలి. ట్రస్టెడ్ లొకేషన్స్‌లో, అంటే వర్డ్ అడగకుండా నమ్మే ఫోల్డర్లలో, సీ డ్రైవ్, డౌన్‌లోడ్స్ లాంటివి ఉండకూడదు. మాక్రో సెట్టింగ్స్‌లో ‘ఎనేబుల్ ఆల్’ ఉంటే ఆ మెషీన్ సంగతి ఇక మాట్లాడక్కర్లేదు. విండోస్ 10కి కూడా మామూలు సపోర్ట్ అదే 2025 అక్టోబరు 14న ముగిసింది. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాతదైతే విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, ధర ఎంత దిగినా ఆలోచించుకోండి.

ఇప్పటికే కొనేసి ఇరుక్కున్నవాళ్లు ఈ రాత్రికి చేయాల్సిన పట్టీ వైద్యం ఇది. ఎక్స్‌ప్లోరర్‌లో ప్రివ్యూ పేన్ తెరిచి ఉంటే, ఆల్ట్, పీ కలిపి నొక్కితే మూసుకుంటుంది. ట్రస్ట్ సెంటర్‌లోనే ఫైల్ బ్లాక్ సెట్టింగ్స్‌కు వెళ్లి ఆర్‌టీఎఫ్ ఫైల్స్ ఎదురుగా ‘ఓపెన్’ గడిలో టిక్ పెట్టి, కింద ‘డు నాట్ ఓపెన్’ ఎంచుకోండి. కామన్ ఫైల్స్, మైక్రోసాఫ్ట్ షేర్డ్, ఈక్వేషన్ ఫోల్డర్‌లో ఈక్యూఎన్‌ఈడీటీ32 కనిపిస్తే అడ్మిన్ హక్కులతో దాని పేరు మార్చేయండి. వర్డ్ పిలిచినా అది పలకదు. అయితే ఆఫీస్‌ను రిపేర్ చేస్తే ఆ ఫైల్ తిరిగొస్తుంది. ఎక్స్‌క్లూజన్స్ తీసేసి పూర్తి స్కాన్ నడపండి. క్రాక్ టూలు పట్టుబడితే దాన్ని మళ్లీ అనుమతించకండి.

అసలు మందు వేరు. మీ ఫైళ్లు మాత్రం బయటికి కాపీ చేసుకుని, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి దించిన విండోస్‌తో డిస్క్ మొత్తం తుడిచి కొత్తగా వేయండి. క్రాక్ చేసినవాడు ఇంకేం పెట్టిపోయాడో వెతుకుతూ కూర్చోవడం దండగ. ఆ లాప్‌టాప్‌కు మొదట్లో విండోస్ లైసెన్స్ ఉండి ఉంటే చాలావరకు దానంతటదే ఆక్టివేట్ అవుతుంది. తర్వాత లిబ్రేఆఫీస్ వేసుకోండి, లేదా బ్రౌజర్‌లో ఉచితంగా వచ్చే వర్డ్ వాడండి, లేదా డబ్బు పెట్టి అసలుది కొనండి. లిబ్రేఆఫీస్ అయినా వేసి మర్చిపోతే కుదరదు: 2024లో దానిలోనూ డాక్యుమెంట్‌లోని బొమ్మ మీద నొక్కితే అడగకుండానే స్క్రిప్ట్ నడిచే లోపం దొరికింది, 7.6.7, 24.2.3 వెర్షన్లలో సరిచేశారు.

డీటీపీ సెంటర్లవాళ్లు, ఇంటర్ మెటీరియల్ టైప్ చేసేవాళ్లు ఇక్కడ మొహం చిట్లిస్తారు. డీటీపీలో వాడే పాత తెలుగు ఫాంట్లు అను, వాటితో చేసిన ఫైళ్లు చెదురుతాయని ఒకరికి భయం, ఏళ్ల తరబడి దాచుకున్న ప్రశ్నపత్రాల్లో సమీకరణాలు దిద్దుకోలేమని ఇంకొకరికి భయం. సమీకరణాల సంగతైతే మ్యాథ్‌టైప్ పాత ఎడిటర్‌తో రాసినవాటిని తెరుస్తుంది. అను మెషీన్ తప్పదనుకుంటే దానికి నెట్ తీసేసి, బయటి ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో తెరిచి, అక్షరాలు మాత్రమే దీనిలోకి తెచ్చుకోండి.

పెన్‌డ్రైవ్ గురించి ఒక్క మాట. నాంపల్లి కోర్టు దగ్గర జిరాక్స్ షాపులో రోజుకు ఎన్ని పెన్‌డ్రైవ్‌లు గుచ్చుతారో చూసినవాళ్లకు తెలుసు. నెట్ నుంచి దించిన ఫైల్‌కు విండోస్ ఒక గుర్తు తగిలిస్తుంది, ఆ గుర్తు చూసే వర్డ్ పసుపు పట్టీ చూపించి ప్రొటెక్టెడ్ వ్యూలో తెరుస్తుంది. ఆ గుర్తు ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ కంప్యూటర్ లోపలి డిస్కులకు వాడే ఫార్మాట్) డిస్కుల్లోనే నిలుస్తుంది. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కాగానే రాలిపోతుంది, పసుపు పట్టీ రాదు, ఫైల్ నేరుగా తెరుచుకుంటుంది. పట్టీ రాలేదు కాబట్టి మంచి ఫైలే అనుకోవద్దు.

బిల్లు మీద ఆఫీస్ ఏ ఎడిషన్, ఏ సంవత్సరం, లైసెన్స్‌తో సహా ఇస్తున్నారా లేదా అన్నది రాయించుకోండి. “ఎంఎస్ ఆఫీస్ ఫ్రీ” అని రాసిచ్చి దొంగ కాపీ అంటగడితే ముందు దుకాణానికి రాతపూర్వకంగా అడగండి, దారికి రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వస్తువు వెల అయిదు లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. అబౌట్ వర్డ్, లైసెన్స్ స్క్రీన్, ఎక్స్‌క్లూజన్స్ మూడింటికీ పైన చెప్పిన మార్పులేవీ చేయకముందే ఫొటోలు తీసి పెట్టుకోండి. ఖాతాలోంచి డబ్బు కదిలిందనిపిస్తే వీటన్నింటికంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. దొంగ కాపీ అని తెలిసీ వ్యాపారంలో వాడితే మాత్రం ఫిర్యాదు సంగతి అలా ఉంచి, కాపీరైట్ చట్టం 63బి కింద మీకే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా పడే వీలుంది.