కౌన్సెలింగ్ గదికి 5 స్టార్లు, ప్రసూతి వార్డుకు 2

నా పేరు రాయను, ఆసుపత్రి పేరూ రాయను. హైదరాబాద్‌లో ఒక పెద్ద సర్కారు ఆసుపత్రి అనుకోండి. గర్భం వచ్చిన కొత్తలో చేసే రక్తపరీక్షల్లో నాకు హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. అప్పటిదాకా చూపించుకుంటున్న ప్రైవేటు నర్సింగ్ హోమ్ వాళ్లు "ఇక్కడ కాన్పు చేయలేమమ్మా" అని రిపోర్టు చేతిలో పెట్టి పంపేశారు. ఎక్కడికి పోవాలో కూడా చెప్పలేదు.

సర్కారు ఆసుపత్రి ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్ష చేసి సలహా ఇచ్చే విభాగంలో, కౌన్సెలర్ మేడమ్ మొదట గది తలుపు వేశారు. మళ్లీ పరీక్షించి ఖాయం చేసుకున్నాకే అసలు మాట ఎత్తారు. ఏమీ చేయకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుందని, మందులు మానకుండా వేసుకుంటే 5 లోపే అని చెప్పారు. నేను ఏడుస్తుంటే తొందరపెట్టలేదు. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు తానే ఫోను చేసి, నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్లారు. మా ఆయనకు నచ్చజెప్పి పరీక్ష చేయించిందీ ఆవిడే. రోజుకు ఒక్క మాత్ర, ఉచితం. కాన్పయ్యాకా మానకూడదు, జీవితాంతం వేసుకోవాలి.

నెలలు నిండే ముందు రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష చేశారు. వైరస్ అదుపులోనే ఉంది కాబట్టి బాబుకు వైరస్ సోకకుండా పట్టే నెవిరపిన్ సిరప్ 6 వారాలు చాలన్నారు. సిరంజిలో ఎంత మందు తీయాలో నాకు తికమకగా ఉంటే, మేడమ్ బ్యాగులోంచి గోళ్ల రంగు తీసి సరిగ్గా ఆ గీత మీద పూశారు. పెన్నుతో గీస్తే కడిగినప్పుడు పోతుందట! ఆ ఎర్రగీత చూసి మా అత్తగారు కూడా తడబడకుండా పట్టేవారు. ఆవిడ బాబుకు తేనె నాకిస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. మొదటి 6 నెలలు తల్లిపాలు తప్ప ఇంకేదీ వద్దని, పోతపాలు కలిపి పడితే ప్రమాదం ఎక్కువని మేడమ్ ముందే హెచ్చరించారు.

ప్రసూతి వార్డు సంగతికొస్తే, ఒక నర్సు నా కేస్ షీట్ అట్ట మీద నాకు హెచ్‌ఐవీ ఉందని ఎర్ర సిరాతో పెద్ద అక్షరాల్లో రాసి మంచం చివర తగిలించింది. చూడటానికి వచ్చిన వాళ్లంతా చదివారు. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మన అనుమతి లేకుండా ఆ వివరం బయటపెట్టకూడదు. కౌన్సెలర్ వచ్చి గట్టిగా అడిగాకే అట్ట మార్చారు. పక్క మంచం ఆవిడ అప్పటికే మాటలు మానేసింది. కాన్పు చేసిన డాక్టరమ్మ మాత్రం మంచి మనిషి, అందరితో ఎలా ఉందో నాతోనూ అలాగే ఉంది.

6 వారాలప్పుడు బాబు మడమ గుచ్చి, కార్డు మీది గుండ్రాలలో రక్తపు చుక్కలు ఆరబెట్టి ల్యాబుకు పంపారు. లేదని వచ్చింది. 6 నెలలకూ లేదనే వచ్చింది. ఖరారుగా తేలేది 18 నెలల పరీక్షలో. ఆ తేదీని కౌన్సెలర్ నా కార్డు మీద ఇప్పుడే రాసిపెట్టారు.

మందుల వరుస మధ్యాహ్నమైతే కదలదు, పొద్దున్నే వెళ్లండి. ఎవరిని అడగాలో తెలియకపోతే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోను చేయండి, డబ్బులు పడవు.