బొట్టును కాపాడిన స్లైడర్: లైట్‌రూమ్‌లో నలుపు తెలుపు

ఫోన్‌లో ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ యాప్ ఎలా వాడాలో అందరికీ తెలిసిందే కాబట్టి ఆ ఊసు వదిలేస్తున్నా. కొన్నేళ్ళుగా నేను దాన్ని పట్టుకుని వేలాడుతున్నది ఒకే ఒక్క దాని కోసం: బ్లాక్ అండ్ వైట్ నొక్కాక రంగుల మిక్స్‌లో కనబడే ఎనిమిది స్లైడర్ల (వేలితో అటూ ఇటూ జరిపే మీటల) కోసం. ఫొటోలో రంగు పోతుంది గానీ, ఏ రంగు ఎంత నల్లబడాలో ఎంత తెల్లబడాలో మన చేతిలోనే ఉంటుంది.

మన మొహాలకు ఇది ఎంత అవసరమో మా మేనత్త ఫొటోతో తెలిసొచ్చింది. శుక్రవారం పొద్దున పసుపు రాసుకుని, రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. వెలుగు ఒక చెంప మీదే, మిగతా గదంతా చీకటి. సాచురేషన్ (రంగుల గాఢత) పూర్తిగా తగ్గించేయగానే బొట్టు మాయం! చామనఛాయ నుదురు, కుంకుమ ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి. అలా బోసి నుదురుతో చూపిస్తే అత్తమ్మ ఊరుకుంటుందా? మిక్స్‌లోకి వెళ్ళి ఎరుపును మైనస్ 45కి లాగితే బొట్టు నల్లగా తేలింది. చర్మం నారింజ కిందికి వస్తుంది కాబట్టి దాన్ని కదిలించలేదు. పసుపు రంగు స్లైడర్‌ను కాస్త పెంచితే చెంప మీది పూత వెలిగింది. ఫిల్మ్ రోజుల్లో ఇదే పనికి లెన్స్ ముందు రంగు అద్దాలు పెట్టేవాళ్ళు. ఎర్రద్దం పెడితే ఎరుపు తెల్లబడేది, అంటే బొట్టు పోయేది!

వెనకాల గోడను మాస్క్‌తో, అంటే ఆ భాగాన్ని మాత్రమే ఎంచుకుని, చీకట్లోకి తోయడం రెండు నిమిషాల పని. అసలు తంటా ప్రింట్ దగ్గర వచ్చింది.

కలర్ ల్యాబ్‌లో 12x18 అంగుళాల ప్రింట్‌కి ఇచ్చాను. చేతికొచ్చింది చూస్తే వెనక చీకటంతా బూడిద రంగు, దానికి తోడు ఆకుపచ్చ ఛాయ. గోడ మీది క్యాలెండర్ కూడా కనబడుతోంది. అడిగితే కౌంటర్ దగ్గరి తమ్ముడు, "మొకం సగం చీకట్లనే ఉంది గదన్నా, కొంచెం లేపినం" అన్నాడు. అతని దృష్టిలో అది మేలే. చీకటి కావాలనే పెట్టానంటే నన్ను అదోలా చూశాడు. రెండోసారి కరెక్షన్ వద్దని కవరు మీద రాయించి ఇస్తే బూడిద పోయింది గానీ, చీర అంచు కూడా నల్లటి ముద్దయింది.

ఫోన్లలో ఉండే ఓలెడ్ తెరలో నలుపంటే పిక్సెల్ (తెర మీది వెలుగు చుక్క) ఆరిపోవడమే. కాగితానికి ఆ సౌకర్యం లేదు, అందుకే తెర మీద కనబడిన అంచు కాగితం మీద మునిగిపోయింది. ఇప్పుడు ప్రింట్ కోసమైతే నీడల్ని కొంచెం లేపి, వేరే కాపీ దాచుకుంటున్నా.

ఇంకోటి, పైన మెచ్చుకున్న మిక్స్ పగటి వెలుగులోనే నా మాట వింటుంది. పాత పసుపు బల్బు కింద తీసిన ఫొటోలో మొహం, గోడ, చీర అన్నీ నారింజే. ఒక స్లైడర్ కదిపితే అన్నీ కలిసి కదులుతాయి. ముందు వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగా కనబడేలా చేసే రంగుల సర్దుబాటు) సరిచేసుకోవాలి, అప్పటికీ సగమే దారికొస్తుంది. ఎరుపును మరీ కిందికి లాగితే పెదాలు బొగ్గులా మారతాయి, చెంపల మీద మచ్చలు మచ్చలుగా నాయిస్ (గరుకు చుక్కలు) లేస్తుంది. రా ఫైల్ (కెమెరా పట్టిన సమాచారమంతా కుదించకుండా దాచేది) ఉంటే కొంత ఓర్చుకుంటుంది, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో అయితే ఆశ వదులుకోవడమే.

నేను తీసేది ఇంట్లోవాళ్ళనే, అదీ కిటికీ దగ్గర, ఒక్కో ఫొటోకి సాయంత్రమంతా కూర్చునే తీరికుంది. కాబట్టి నాకిది చాలు. పెళ్ళి ఫొటోలు వందల్లో ఇవ్వాల్సినవాళ్ళు ప్రీసెట్ (దాచుకున్న సెట్టింగుల కట్ట) చేసుకుని అన్నిటికీ వేసేద్దామనుకుంటే మాత్రం కష్టం. మనిషి ఛాయ మారితే నారింజ మారుతుంది, తిలకం బదులు స్టిక్కర్ పెట్టుకుంటే ఎరుపూ మారుతుంది. మెరూన్ స్టిక్కర్‌తో నాకింకా సరిగ్గా కుదరలేదు.