ఇటలీ మెడిసిన్ సీటు ‘కన్ఫర్మ్’ అని కాగితం ఇచ్చారా? మిగతా డబ్బు కట్టేముందు ఇది చదవండి

మా తమ్ముడికి ఇటలీలో మెడిసిన్ సీటు ఇప్పిస్తామన్న ఒక కన్సల్టెన్సీ చేతిలో మేం మోసపోయాం. రెండు లక్షల నలభై వేలు పోయాయి. అంతకంటే ఎక్కువగా, వాడికి ఒక సంవత్సరం పోయింది. మళ్లీ నీట్ దగ్గర పడుతోంది, అవే ప్రకటనలు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలైంది. అందుకే రాస్తున్నాను. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి ఆ కన్సల్టెన్సీ పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు కంటే వాళ్లు ఎలా నమ్మించారో తెలియడమే మీకు ముఖ్యం.

2025 నీట్‌లో తమ్ముడు క్వాలిఫై అయ్యాడు కానీ కన్వీనర్ కోటాలో సీటు వచ్చే ర్యాంకు కాదు. మేనేజ్‌మెంట్ కోటా మాటే ఎత్తలేం. నాన్న ఖమ్మంలో ఎరువుల షాపులో లెక్కలు రాస్తారు. ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ చదివిద్దామా అని ఆలోచిస్తుండగా, తెలిసినవాళ్ల ద్వారా హైదరాబాద్‌లో ఈ కన్సల్టెన్సీ సంగతి తెలిసింది. ఇటలీలోని పావియా యూనివర్సిటీలో, పూర్తిగా ఇంగ్లిష్‌లో, ఆరేళ్ల మెడిసిన్ అన్నారు.

వాళ్లు ఆ యూనివర్సిటీ గురించి చెప్పినవన్నీ నిజాలే. 1361లో పుట్టిన యూనివర్సిటీ. బ్యాటరీ కనిపెట్టిన వోల్టా అక్కడ ఫిజిక్స్ చెప్పాడు. ఇంటర్ జువాలజీ, బోటనీ పుస్తకాల్లో మన పిల్లలు చదివే గాల్జి సంక్లిష్టం ఉంది కదా, ఆ గాల్జి అక్కడి ప్రొఫెసరే, 1906లో నోబెల్ వచ్చింది. ఇటలీలో ఇంగ్లిష్‌లో మెడిసిన్ మొదట పెట్టింది కూడా ఆ యూనివర్సిటీయే, 2009లో. తమ్ముడు ఇంటికొచ్చి ఒక్కొక్కటీ వెతికి చూసుకున్నాడు. అన్నీ సరిపోయాయి. దాంతో వాళ్లు చెప్పిన మిగతావి కూడా నిజమే అనుకున్నాం. సీటు సంగతి మాత్రం ఎవరం వెతకలేదు.

వాళ్లు నాన్నతో అన్న మాట నాకింకా గుర్తుంది. “అంకుల్, ఇటలీలో ఈ ఏడాది నుంచి మెడిసిన్ ఎంట్రన్స్ తీసేశారు. మీ బాబు లక్కీ.” ఫోన్లో ఒక వార్త కూడా చూపించారు. ఆ వార్త అబద్ధం కాదు. 2025లో ఇటలీ ప్రభుత్వం నిజంగానే మెడిసిన్ ప్రవేశాల పద్ధతి మార్చింది. కానీ అది ఇటాలియన్ భాషలో చదివే కోర్సులకు. అక్కడ కూడా మొదటి సెమిస్టర్‌లో అందర్నీ చేర్చుకుని, ఆ సెమిస్టర్ చివర ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ పరీక్షలు పెట్టి, ర్యాంకుల్లో ఉన్నవాళ్లనే ముందుకు పంపుతారు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఇంగ్లిష్ కోర్సుకు మాత్రం ఐమ్యాట్ అనే ప్రవేశ పరీక్ష అలాగే ఉంది. 2025లో అది సెప్టెంబర్ 17న జరిగింది. 60 ప్రశ్నలు, 100 నిమిషాలు. సరైన జవాబుకి ఒకటిన్నర మార్కు, తప్పు రాస్తే 0.4 కోత. బయాలజీ, కెమిస్ట్రీలే ఎక్కువ కాబట్టి నీట్ చదివిన పిల్లలు భయపడాల్సిన పరీక్ష కాదు. నాకు బాధంతా అక్కడే. రాసి ఉంటే వాడికి ఒక అవకాశం ఉండేది. పరీక్షే లేదని నమ్మించి వాడిని రాయనివ్వలేదు.

జూన్ చివర్లో తొంభై వేలు కట్టాం. ఆగస్టులో ‘సీట్ కన్ఫర్మేషన్’ వచ్చిందని నాలుగు పేజీల కాగితం ఇచ్చి ఇంకో లక్షన్నర తీసుకున్నారు. రెండోసారి కట్టడానికి అమ్మ గాజులు కుదువ పెట్టారు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

సెప్టెంబర్ మొదటి వారంలో నేను ఊరెళ్లాను. ఆ కాగితం పూజ గదిలో వేంకటేశ్వరస్వామి పటం ముందు ఉంది. నాలుగు మూలలా పసుపు పెట్టారు. ఒకసారి చూద్దామని తీశాను. అంతా ఇటాలియన్. ఫోన్ కెమెరా పెట్టి తెలుగులోకి మార్చి చూశాను. పైన మొదటి లైన్‌లోనే ‘ముందస్తు నమోదు దరఖాస్తు’ అని వచ్చింది. తప్పుగా చదివిందేమోనని మళ్లీ పెట్టాను, మళ్లీ అదే. కింద తమ్ముడి పేరు, పాస్‌పోర్ట్ నంబరు, ఇంటర్ మార్కులు, వాడు ఎంచుకున్న కోర్సు ఉన్నాయి. యూనివర్సిటీ వాడికి సీటు ఇచ్చిందన్న ముక్క ఎక్కడా లేదు. అది సీటు కాదు, మనం పెట్టుకున్న అప్లికేషన్ ప్రింటవుట్.

దాని గురించి తర్వాత తెలుసుకున్నది చెప్తాను. యూనివర్సిటలీ అని ఇటలీ విద్యాశాఖ పోర్టల్ ఉంది. యూరప్ బయటి పిల్లలు వీసా కోసం అందులో ముందుగా నమోదు చేసుకోవాలి. దానికి ఫీజు లేదు. ఖాతా తెరిచి వివరాలు నింపితే ఎవరికైనా ఆ పీడీఎఫ్ వస్తుంది. దాన్ని యూనివర్సిటీ పరిశీలించి సరే అన్నా, మెడిసిన్‌కి అది సీటు కిందకు రాదు. ఐమ్యాట్ ర్యాంకుల జాబితాలో పేరు వస్తేనే సీటు. మన దేశం నుంచి వెళ్లే పిల్లలకు ప్రతి యూనివర్సిటీలో వేరే కోటా ఉంటుంది, అవి కొద్ది సీట్లే. నేను యూనివర్సిటీ అడ్మిషన్ల ఆఫీసుకి నేరుగా మెయిల్ పెట్టాను. పరీక్ష ర్యాంకు ద్వారా తప్ప వేరే దారి లేదని రెండు లైన్లలో జవాబు వచ్చింది. ఆ మెయిల్ జూన్‌లోనే పెట్టి ఉంటే పైసా ఖర్చయ్యేది కాదు. అప్పటికి పరీక్ష రిజిస్ట్రేషన్ గడువు దాటిపోయింది.

కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే ముందు “మేడమ్, మీకు ప్రొసీజర్ తెలీదు” అన్నారు. నేను మెయిల్ సంగతి చెప్పాక గొంతు మారింది. “ఈ ఏడాది బయాలజీ డిగ్రీలో చేర్పిస్తాం, వచ్చే ఏడాది అక్కడి నుంచి మెడిసిన్‌లోకి మారిపోవచ్చు” అన్నారు. దయచేసి ఈ మాట అస్సలు నమ్మకండి. ఇటలీలో మెడిసిన్ సీట్లు లెక్కపెట్టి ఇస్తారు. పక్క కోర్సులో కూర్చున్నంత మాత్రాన లోపలికి రానివ్వరు, మళ్లీ అదే పోటీలో నెగ్గాలి. ప్రైవేటు యూనివర్సిటీలకు సొంత పరీక్షలున్నాయి కానీ వాటి ఫీజులు ప్రభుత్వ యూనివర్సిటీలతో పోలిస్తే ఎన్నో రెట్లు. బ్రోచర్లో ఈ రెండూ కలిపేసి, ఫీజు ప్రభుత్వ యూనివర్సిటీది, ప్రవేశ పద్ధతి ప్రైవేటుది చూపిస్తున్నారు.

స్కాలర్‌షిప్ గ్యారంటీ అన్నా అంతే. అక్కడ ప్రాంతీయ సంస్థలు కుటుంబ ఆదాయం చూసి ఇస్తాయి. ఆదాయ పత్రాలు అనువాదం చేయించి ధ్రువీకరించి పంపాలి, రెండో ఏడాది నుంచి నిర్ణీత క్రెడిట్లు కూడా సంపాదించాలి. హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లు గ్యారంటీ ఇవ్వగలిగేది కాదు.

డబ్బు పోవడం కంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. మేం ఆ ఆఫీసులో ఉన్నప్పుడే పక్క టేబుల్ దగ్గర ఒకావిడకి, మీ పాపకి నీట్ అక్కర్లేదని చెప్తున్నారు. విదేశంలో చదివి మన దేశంలో ప్రాక్టీస్ చేయాలంటే నీట్ క్వాలిఫై అవ్వాల్సిందే. అది చాలదు కూడా. మన జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) 2021 నవంబర్‌లో తెచ్చిన నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లిష్‌లోనే జరగాలి, అదే విదేశీ సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, ఆ దేశంలో ప్రాక్టీస్ చేయడానికి అర్హత ఉండాలి. తిరిగొచ్చాక ఇక్కడ పరీక్ష, ఇంకో 12 నెలల ఇంటర్న్‌షిప్. ఇటలీలో ఇప్పుడు మెడిసిన్ డిగ్రీతోనే ప్రాక్టీస్ అర్హత వస్తుంది, దానికి చేయాల్సిన మూడు నెలల శిక్షణ ఆరేళ్లలోనే కలిసి ఉంటుంది. మరి ఈ 12 నెలల లెక్క ఎలా కుదురుతుంది? పిల్లల్ని పంపే ప్రతి తల్లీ తండ్రీ ఈ ప్రశ్న ఎన్‌ఎంసీకి రాతపూర్వకంగా పెట్టి, జవాబు చేతిలో పట్టుకుని కదలాలి. మా కన్సల్టెన్సీని అడిగితే “అదంతా తర్వాత చూసుకోవచ్చు” అన్నారు. ఆరేళ్లు చదివాక చూసుకునే విషయమా ఇది?

ఇటాలియన్ రానక్కర్లేదన్నారు. అక్కడ చదువుతున్న మన తెలుగమ్మాయితో తమ్ముడు మాట్లాడాడు. క్లాసులు ఇంగ్లిష్‌లోనే, కానీ వార్డులో పేషెంట్ తన నొప్పి ఇటాలియన్‌లోనే చెప్పుకుంటాడు, ఆ భాష రాకపోతే మంచం పక్కన బొమ్మలా నిలబడాలి అందట. పరీక్షలు చాలావరకు ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాలట. 30కి 18 వస్తే పాస్.

డబ్బు వెనక్కి అడిగితే రసీదు చూసుకోమన్నారు. చూస్తే ‘కౌన్సెలింగ్ సేవల రుసుము, తిరిగి ఇవ్వబడదు’ అని ఉంది. సీటు అన్న మాట అందులో కూడా లేదు. మాకు పనికొచ్చింది వాళ్లు పంపిన వాట్సాప్ మెసేజ్‌లే. ‘సీట్ కన్ఫర్మ్, ఎంట్రన్స్ లేదు’ అని రాతలో ఉంది. మీరూ ఏ హామీ ఇచ్చినా మెసేజ్‌లో పెట్టమనండి, పెట్టనంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. నగదు ఇవ్వకండి, బ్యాంకు ద్వారానే కట్టండి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకి ఫీజు ఉండదు. మేం అలాగే వేశాం. ఆ పక్క టేబుల్ ఆవిడ కూడా మాతో కలిశారు, వాళ్లవి మూడు లక్షలు.

తమ్ముడు ఈసారి నీట్‌తో పాటు ఐమ్యాట్‌కి కూడా చదువుతున్నాడు. నోటిఫికేషన్ వచ్చిందేమోనని పోర్టల్ వాడే చూసుకుంటున్నాడు. అమ్మ గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.