వాల్‌బోరి ఊళ్లలో మూడు మజిలీలు

విజయవాడలో ఇంటి దగ్గరే పిల్లలకి కీబోర్డు, పియానో నేర్పుతాను. స్టాక్‌హోంలో ఉంటున్న తమ్ముడు, మరదలు రమ్మంటే వెళ్లాను. ఒక సాయంత్రం మరదలు వంట చేసుకుంటూ ఏదో పియానో సొనాటా, అంటే కొన్ని భాగాలుగా సాగే పెద్ద రచన, పెట్టింది. చేతిలో ఉల్లిపాయ పక్కన పెట్టి ఎవరిదని అడిగాను. వాల్‌బోర్గ్ ఔలిన్ అనే స్వీడన్ స్వరకర్తదట. స్వీడన్ వాళ్లు చివరి అక్షరం మింగేసి ‘వాల్‌బోరి’ అన్నట్టు పలుకుతారు. ఆవిడ 1885లో రాసిన సొనాటా అది. ‘గంభీరమైన పెద్ద సొనాటా’ అని ఫ్రెంచిలో పేరు పెట్టుకుందంటే ఎంత ధీమా! అప్పటికి ఆవిడ వయసు పాతికేళ్లు. “పద తమ్ముడూ, ఈవిడ ఊళ్లు చూసొద్దాం” అన్నాను.

మొదటి తప్పు నెల దగ్గరే చేశాం. తమ్ముడికి జులైలోనే సెలవు దొరికింది. ఆ నెలలో ఆ దేశంలో సగం మంది సెలవులోనే ఉంటారు. కచేరీలు ఉండవు, చిన్న హోటళ్లు కూడా తలుపులకి కాగితం అంటించి వెళ్లిపోతాయి. సంగీతం కోసమైతే మే నెల గానీ సెప్టెంబరు గానీ చూసుకోండి.

ముందు యెవ్లె వెళ్లాం. 1860లో ఆవిడ పుట్టింది అక్కడే. స్టాక్‌హోం నుంచి ఉత్తరంగా ట్రైన్‌లో గంటన్నర. మా రోజున పట్టాల మరమ్మతులని సగం దారిలో దింపి బస్సు ఎక్కించారు. ఆ సంగతి యాప్‌లో స్వీడిష్‌లో మాత్రమే ఉంది, మరదలు లేకపోతే నేను ప్లాట్‌ఫారం మీదే ఉండేదాన్ని. 1869లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఏటికి ఉత్తరాన ఉన్న ఊరు దాదాపు అంతా కాలిపోయింది. దక్షిణం వైపు మిగిలిన చెక్క ఇళ్ల వాడని ఇప్పుడు గామ్లా యెవ్లె, అంటే పాత యెవ్లె అంటారు. రాళ్లు పరిచిన సందులు, ఎర్రటి, పసుప్పచ్చటి గోడలు, కిటికీల్లో పూలకుండీలు. గంటన్నరలో తిరిగేయచ్చు. అమెరికాలో కార్మికుల పాటలు కట్టి 1915లో మరణశిక్షకి గురైన జో హిల్ కూడా ఈ ఊరివాడే. ఆయన పెరిగిన ఇంటిని మ్యూజియం చేశారు. వాల్‌బోరి గుర్తుగా నా కంటికి ఏమీ కనపడలేదు. నిజం చెప్పాలంటే ఊరిని తప్పు పట్టలేం. ఆవిడ తమ్ముడు టూర్ 1866లో పుట్టేసరికే వాళ్ల కుటుంబం స్టాక్‌హోంలో ఉంది. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేస్తే చాలు, రాత్రి బస అక్కర్లేదు.

స్టాక్‌హోంలో చూడాల్సింది నీబ్రూకాయెన్ 11 నంబరు భవనం, పడవల రేవు ఎదురుగా ఉంటుంది. రాజ సంగీత అకాడమీ కోసం 1870ల చివర్లో కట్టారు. ఆవిడ అకాడమీ వారి సంగీత కళాశాలలో చదివింది 1877 నుంచి 1882 దాకా, అంటే కొత్త సున్నం వాసన తెలిసిన బ్యాచ్ అన్నమాట. పియానో గురువు హిల్డా థేగెర్‌స్ట్రోమ్, స్వయంగా పియానో దిగ్గజం ఫ్రాంజ్ లిస్ట్ శిష్యురాలు. 1901లో మొట్టమొదటి నోబెల్ బహుమతులు ఇచ్చింది కూడా ఇక్కడి హాల్లోనే. మేం వెళ్లినప్పుడు లోపలికి దారి లేదు, మెట్ల మీద ఫోటో దిగి వచ్చాం. దగ్గర్లోనే సిబిల్లె వీధిలో రంగస్థల కళల మ్యూజియం ఉంది. ఒకప్పుడు సైన్యానికి రొట్టెలు కాల్చిన పాత భవనం అది. వాయిద్యాలు ముట్టుకుని వాయించి చూడచ్చు కాబట్టి పిల్లలున్నవాళ్లు వదలొద్దు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఓరెబ్రూ. స్టాక్‌హోంకి పడమరగా ట్రైన్‌లో రెండు గంటలు. వాల్‌బోరి, గాయని జెన్నీ లిండ్ పేరిట ఇచ్చే స్కాలర్‌షిప్ మీద కోపెన్‌హాగెన్‌లో డెన్మార్క్ స్వరకర్త గాడె దగ్గర, పారిస్‌లో ఫ్రెంచి స్వరకర్త మస్నే దగ్గర నేర్చుకుంది. ఆర్కెస్ట్రాకి పారిస్ దృశ్యాల మీద సూట్, అంటే చిన్న రచనల వరుస, రాసింది, నాలుగు తంత్రీ వాయిద్యాలు కలిసి వాయించే స్ట్రింగ్ క్వార్టెట్లు రెండు రాసింది. అంత చేసిన మనిషి 1903లో, నలభై మూడేళ్లకి, ఈ ఊరికి వచ్చి పియానో పాఠాలు చెప్పుకుంటూ 1928లో పోయేదాకా ఇక్కడే ఉండిపోయింది. ఆవిడ తమ్ముడు టూరేమో వయొలిన్ విద్వాంసుడిగా, సొంత క్వార్టెట్‌తో పేరు తెచ్చుకున్నాడు. చదివిన చోటల్లా ఆవిడ ఓరెబ్రూలో ‘మరుగున పడిపోయింది’ అన్నట్టే రాస్తారు. పాతికేళ్లు పిల్లల వేళ్లు సరిచేసిన మనిషిని మరుగున పడిందంటే నాకు కొంచెం గుచ్చుకుంది. రాయడం ఆగిపోయిందన్న బాధ వేరు, అది నాకూ ఉంది.

ఊరి మధ్యలో స్వార్ట్‌ఓన్ పారుతుంది, నల్ల ఏరు అని అర్థం. కోట ఆ ఏట్లో చిన్న లంక మీద నిలబడి ఉంటుంది. లోపల తిరగడం కంటే వంతెన మీంచి చూడటమే బాగుంది. ఏటి గట్టునే నడిచివెళ్తే వాద్‌షోపింగ్ వస్తుంది. ఊళ్లోని పాత చెక్క ఇళ్లని 1960ల్లో ఊడదీసి తెచ్చి ఒక వీధిలా పేర్చారు. ప్రవేశం ఉచితం. అక్కడ బెంచీ మీద కూర్చుని దాల్చినచెక్క బన్ను తింటూ ఆ సొనాటాని మళ్లీ మొదటి నుంచీ విన్నాం. మూడు రోజుల్లో పెట్టిన ఖర్చుకి ఫలితం అక్కడే దక్కింది.

బస విషయంలో నా అనుభవం చూసి జాగ్రత్తపడండి. చౌకని ఒక హాస్టల్ తీసుకున్నాం. దుప్పట్లకి, తువ్వాళ్లకి విడిగా డబ్బు కట్టమన్నారు. వెళ్లేటప్పుడు గది మనమే ఊడ్చి తుడవాలి, లేదంటే దానికీ రుసుమే. ఇది అక్కడ చాలా హాస్టళ్లలో మామూలేనని మరదలు తర్వాత చెప్పింది. అన్నీ కలిపితే టిఫిన్ ఇచ్చే మామూలు హోటలే నయం. వంటగది మాత్రం శుభ్రంగా ఉంది, పులిహోర కలుపుకున్నాం. బయట తినాలంటే పనిదినాల్లో మధ్యాహ్నం పెట్టే ‘దాగెన్స్’ భోజనమే గిట్టుబాటు. మేం వెళ్లినప్పుడు నూట ముప్ఫై, నూట నలభై క్రోనర్లకి కూర, సలాడ్, బ్రెడ్, కాఫీ అన్నీ వచ్చాయి. శాకాహారం దాదాపు ప్రతిచోటా దొరుకుతుంది, ఉప్పూకారాలే దొరకవు. నోట్లు మార్చుకోవడం దండగ, స్టేషన్లో బాత్రూంకి కూడా కార్డే గీకాలి. నీళ్ల సీసాలు కొనకండి, కుళాయి నీళ్లు భేషుగ్గా ఉంటాయి.

తిరుగు ట్రైన్‌కి ముందు ఓరెబ్రూ కచేరీ హాలు చూశాం. ఆవిడ పోయిన నాలుగేళ్లకి, 1932లో కట్టారు. స్వీడిష్ ఛాంబర్ ఆర్కెస్ట్రా ఇక్కడిదే. తలుపులు వేసి ఉన్నాయి. అద్దంలోంచి కొత్త సీజన్ పోస్టరు చదివి “సెప్టెంబరులో మళ్లీ రా అక్కా, టికెట్ నేను తీస్తా” అన్నాడు తమ్ముడు. సెప్టెంబరులో మా పిల్లలకి గ్రేడ్ పరీక్షలు.