గెర్బ్‌ష్టొఫ్ దగ్గర బోల్తాపడిన అనువాద సేవ

ఔషధ మొక్కల రసాయనశాస్త్రం బోధించే నాకు, కరక్కాయ మీద వచ్చిన ఒక పాత జర్మన్ వ్యాసాన్ని ఇంగ్లిషులో చదవవలసిన అవసరం పడింది. శాస్త్రీయ పత్రాల అనువాదమే తమ ప్రత్యేకత అని చెప్పుకొనే ఒక ఆన్‌లైన్ సంస్థకు ఆ 12 పుటలూ అప్పగించాను. గడువుకు ఒక రోజు ముందే పని చేతికి వచ్చింది. వాక్యాలు సాఫీగా ఉన్నాయి, పట్టికల్లో ఒక్క అంకె కూడా తప్పిపోలేదు. డ్రోగె అన్న మాటను మత్తుమందుగా పొరబడకుండా ఎండిన మూలికగా గుర్తించడం చూసి సంతోషించాను కూడా. తప్పల్లా ప్రధానంగా ఒక్క మాట దగ్గరే, కానీ వ్యాసం నడిచేదే ఆ మాట మీద.

ఆ మాట గెర్బ్‌ష్టొఫ్. జర్మన్‌లో గెర్బెన్ అంటే తోలును పదును చేయడం, ష్టొఫ్ అంటే పదార్థం. కనుక నిఘంటువు చూసి రాసేవారు దాన్ని టానింగ్ ఏజెంట్ అనడంలో వింత లేదు. తోళ్ల పరిశ్రమకు చెందిన పత్రమైతే అదే సరైన మాట, ఎందుకంటే అక్కడ క్రోమియం లవణాలు కూడా ఆ పేరు కిందికే వస్తాయి. మొక్కల రసాయనశాస్త్రంలో మాత్రం దానికి టానిన్ అనే రాయాలి, అంటే కరక్కాయ కొరికినప్పుడు నాలుకను పట్టేసే వగరుకు మూలమైన పాలీఫినాల్ పదార్థాలన్నమాట. జర్మన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఫ్రాయిడెన్‌బెర్గ్ 1920లో సహజ టానిన్లను జలవిశ్లేషణ చెందేవి (నీటితో చర్య జరిపి విడిపోయేవి), సంఘనితాలు (అలా సులువుగా విడిపోనివి) అని రెండు తెగలుగా విడదీసినప్పుడు వాడినది కూడా ఈ మాటనే. నాకు వచ్చిన ప్రతిలో ఆ మొదటి తెగ జలవిశ్లేషణ చెందే టానింగ్ ఏజెంట్లుగా మారిపోయింది. కరక్కాయనూ తంగేడు పట్టనూ మన తోళ్ల పనివారు ఎంతోకాలం పదునుకు వాడిన మాట నిజమే గాని, ఈ వ్యాసకర్త మాట్లాడుతున్నది కాయ లోపలి రసాయనాల గురించి.

ఇంతకన్నా విచిత్రం హౌట్‌పుల్వర్ అనే మాట. హౌట్ అంటే చర్మం, పుల్వర్ అంటే పొడి. టానిన్ ఎంత ఉందో కొలవడానికి మూలిక కషాయంలో పశువుల తోలు నుంచి చేసిన పొడి వేసి చాలాసేపు కుదుపుతారు. టానిన్లు ఆ పొడిలోని ప్రోటీన్‌ను అంటుకొని దానితోపాటు వడపోతలో ఆగిపోతాయి. ద్రావణంలో మిగిలిన పాలీఫినాల్‌ల విలువను మొత్తం నుంచి తీసివేస్తే టానిన్ లెక్క తేలుతుంది. ఔషధ ప్రమాణాల గ్రంథమైన యూరోపియన్ ఫార్మకోపియాలో ఉన్న పద్ధతి ఇదే, అందులో ఫలితాన్ని పైరోగలాల్ అనే రసాయనం రూపంలో చెబుతారు. ఇంగ్లిషులో హైడ్ పౌడర్ అని స్థిరపడిన ఈ పొడిని అనువాదకులు స్కిన్ పౌడర్ చేశారు. కరక్కాయ కషాయంలో ముఖానికి రాసుకునే పౌడరు ఎందుకు కలిపారు సార్ అని మా విద్యార్థి ఒకరు అమాయకంగా అడిగేదాకా ఆ వాక్యం ఎంత అన్యాయంగా ఉందో నాకే పూర్తిగా తట్టలేదు.

ఫిర్యాదు రాస్తే రెండు రోజుల్లో, అదనపు రుసుము లేకుండా, సవరించిన ప్రతి పంపారు. ఆ మర్యాదకు లోటు లేదు. అయితే సవరణ మనిషి చదివి చేసినట్టు లేదు, ఒక మాటను వెతికి మరో మాట పెట్టినట్టు ఉంది. వ్యాసం చివర తోళ్ల కర్మాగారాలను ప్రస్తావించే ఒకే ఒక్క పేరాలో టానింగ్ ఏజెంట్ అన్నది సరిగానే ఉండేది, ఇప్పుడు అక్కడ కూడా టానిన్ వచ్చి కూర్చుంది. దాంతో క్రోమియం లవణాలు సైతం టానిన్లయ్యాయి!

వ్యాకరణానికీ వేగానికీ అయితే ఈ సేవ పెట్టిన డబ్బుకు తగినదే. ఒక్కో శాస్త్రంలో ఒకే మాట ఏ అర్థం తీసుకుంటుందో మాత్రం వారు అడగరు, మనమే చెప్పాలి. రెండో వ్యాసం ఇచ్చినప్పుడు నేను 15 పారిభాషిక పదాల పట్టికను ముందే జతచేశాను. గెర్బ్‌ష్టొఫ్ అన్ని చోట్లా సరిగా వచ్చింది. పట్టికలో రాయడం మరిచిన ష్లైమ్‌ష్టొఫ్ మాత్రం, మ్యూసిలేజ్ అనే మొక్కల జిగురు కావలసింది, స్లైమ్ మెటీరియల్ అయి వచ్చింది.