మూడేళ్లు వాడాక: ఫోన్ ముందు కెమెరా బ్యూటీ మోడ్

రెండు ఫోన్లలో కలిపి మూడేళ్లు వాడాను. మొటిమలు, కళ్ల కింద నలుపు కప్పడంలో దీనికి వంక పెట్టలేం. అయితే పని అక్కడితో ఆగదు. లోపల నునుపు, తెలుపు, సన్నం, పెద్ద కళ్లు అని విడివిడి మీటలుంటాయి. ‘సన్నం’ పెంచితే దవడ పక్కనున్న ద్వారబంధం వంగుతుంది, జూకా సాగుతుంది. ‘తెలుపు’ మరీ అన్యాయం, చామనఛాయకు బూడిద పూస్తుంది.

అసలు చిక్కు కంటికి అలవాటు కావడంలో ఉంది. కొన్నాళ్లకు మామూలు ఫోటో చూస్తే ‘ఇదేంటి ఇలా ఉన్నాను’ అనిపిస్తుంది. 1977లో అమెరికాలో జరిగిన ఓ ప్రయోగంలో మనుషులు అద్దంలో కుడిఎడమలు తారుమారై కనిపించే తమ ముఖాన్నే ఎక్కువగా మెచ్చారు. వాళ్ల స్నేహితులేమో తమకు రోజూ నేరుగా కనిపించే ముఖాన్ని. పాపిడి పక్క మారితేనే కొత్తగా తోచే కంటికి, దవడే మారిపోతే చెప్పాలా!

బ్యూటీ మోడ్ ఆపినా ముక్కు లావుగానే వస్తుందని చాలామంది ఫిర్యాదు. అది కెమెరా మరీ దగ్గరగా ఉండటం వల్ల వచ్చే మాయ. 5 అడుగుల నుంచి తీసిన ఫోటోతో పోలిస్తే, అడుగు దూరంలో తీసిన సెల్ఫీలో ముక్కు వెడల్పు దాదాపు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుందని 2018లో లెక్కగట్టారు. ముక్కు లెన్సుకు దగ్గర, చెవులు దూరం, అంతే. ఫోన్‌ను కంటి ఎత్తులో అలమరకు ఆనించి, 5 అడుగులు వెనక్కి జరిగి, వెనుక కెమెరా 2ఎక్స్ జూమ్‌లో పెట్టి, టైమర్‌తో తీయండి. నెత్తిమీది ట్యూబులైటు వద్దు, కళ్ల కింద నీడ పడుతుంది. కిటికీకి ఎదురుగా నిలబడాలి.

మానాలంటే ముందు ‘సన్నం’, ‘పెద్ద కళ్లు’ పూర్తిగా తీసేయండి, ముఖం ఆకారం మార్చేవి అవే. నునుపును మాత్రం వారానికి కొంత చొప్పున సున్నాకు తెండి. ఒక్కసారే ఆపితే రెండో రోజే మళ్లీ వేలు దానిమీదకు పోతుంది. వీడియోకు మీట వేరుగా ఉంటుంది, మరిచిపోవద్దు. అప్‌డేట్ తర్వాత తనంతట తనే ఆన్ అయిందేమో కూడా చూసుకోండి. బొట్టు సరిచేసుకోవడానికి కెమెరా తెరవకండి, చేతి అద్దం చాలు. వీడియో కాల్‌లో మీ బొమ్మ మీకు కనిపించకుండా దాచేయండి. ఇంత చేసినా ముఖంలో ఏదో ఒక లోపం గురించే రోజుకు గంటకు పైగా మథనపడుతుంటే అది ఫోన్‌తో తీరేది కాదు, సైకాలజిస్టును కలవాలి.

పెళ్లి సంబంధాల ఫోటోకు దీన్ని వాడారో, పెళ్లిచూపుల్లో దొరికిపోతారు. అమెరికా వీసా ఫోటోకైతే సరేసరి, మార్పులు చేసినవి వాళ్లు ఒప్పుకోరు.